ఉత్తర తీరంలో ఆఖరి వేలిముద్ర

ఉత్తర తీరంలో నిరక్షరాస్యత మూడు నెలలు పోయాక వచ్చే ఇరవై ఎనిమిదో తేదీ ఉదయం పది గంటలకు అంతరిస్తుందని ప్రభుత్వం ప్రకటించింది. మధ్యాహ్నం అంతరిస్తే ఏర్పాట్లకు వీలుగా ఉంటుందని కొందరు అధికారులు అన్నారు గాని, మధ్యాహ్నానికి మంత్రిగారు తిరుగు ప్రయాణంలో ఉంటారు కనుక ఉదయమే ఖాయం చేశారు. ప్రకటన కింద అక్షరాస్యత మంత్రిగారి సంతకం అచ్చేసి ఉంది. చాలా అందమైన సంతకం. ఏ కాగితం మీద చూసినా వెంట్రుకవాసి తేడా ఉండదని సచివాలయంలో గొప్పగా చెప్పుకుంటారు.

అంతరించే స్థలంగా తీరం చిట్టచివరి చేపల రేవును ఎంపిక చేశారు. ఏడాదిలో అయిదు నెలలు మంచు అడ్డుపడి అక్కడికి లాంచీ కూడా వెళ్ళదు. ఉన్నవల్లా పన్నెండు పడవలు, ఒక వలల షెడ్డు, ఒక ఐసు ఫ్యాక్టరీ. ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా తప్ప చదవడం వచ్చినవాళ్ళు లేరు. అతన్ని తీసేస్తే వయసొచ్చిన వాళ్ళు రెండువందల పద్నాలుగు మంది. అందరికందరూ వేలిముద్రలే. ఇంత శ్రేష్ఠమైన ఊరు దొరకడం మా అదృష్టమని అక్షరాస్యత డైరెక్టర్ అన్నాడు.

ఆ వార్త గుమాస్తా రేడియోలోంచి కొండ మీదికి వినిపించేసరికి రగ్గు తాత స్తంభానికి తాడు మారుస్తున్నాడు.

రేవుకి ఉత్తరాన కొండ అడ్డం. గాలి వస్తోందో లేదో కింద ఉన్నవాళ్ళకి తెలియదు. కొండ దాటి సముద్రంలోకి పోయాక తెలుస్తుంది గాని, అప్పుడు తెలిసి చేసేదేమీ లేదు. కొండ భుజం మీద నాటిన స్తంభానికి మాత్రం ముందే తెలుస్తుంది. రోజూ తెల్లవారగానే దానికి ఒక ఎర్ర ఉన్ని రగ్గు కట్టడం తాత పని. రగ్గు బరువైనది, చిల్లర గాలిని లెక్కచేయదు. అది నిటారుగా వేలాడితే పడవలు పోవచ్చు. అంచు లేస్తే రేవు కనిపించేంత దూరంలోనే వల వేయాలి. అడ్డంగా నిలబడిందంటే పడవలు ఇసుక మీదికి లాగేయాలి. ఊరికి ఇంతకు మించిన చదువు అవసరం పడలేదు.

ఇరవై రెండేళ్ళ కిందట ఆ స్తంభానికి పల్చటి గుడ్డ జెండా ఉండేది. దాన్ని ఎగరేసేందుకు వేరే మనిషి ఉండేవాడు. ఒకనాడు ఎవరో పెద్ద అధికారి వస్తున్నాడని, స్వాగత ద్వారానికి కర్రలు కొట్టడానికి ఆ మనిషిని లాక్కుపోయారు. స్తంభం బోసిగా మిగిలింది. బోసి స్తంభానికి అర్థమేమిటో ఎవరూ చెప్పుకోలేదు కనుక పడవలు వెళ్ళాయి. తాత భార్య వెళ్తూ వెళ్తూ, చలిగా ఉందని, తన ఒంటిమీది రగ్గు తీసి నిద్రపోతున్న ఆరేళ్ళ కూతురికి కప్పి వెళ్ళింది. ఆ పడవ తిరిగి రాలేదు. స్వాగత ద్వారం చక్కగా కుదిరిందని అధికారి మెచ్చుకున్నాడు.

మర్నాడు తాత ఆ రగ్గు తీసుకెళ్ళి స్తంభానికి కట్టాడు. ఈ ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు మానలేదు. ఒక్కరినీ క్షమించలేదు. ఆ కూతురే ఇప్పుడు ముందు పడవ నడుపుతుంది. ఆమె పడవ కదిలితే మిగతా పదకొండూ కదులుతాయి. అందుకని ఆమె రోజూ పడవ ఎక్కే ముందు ఒకసారి తలెత్తి కొండవైపు చూస్తుంది. తాత రోజూ ఆ చూపు కోసమే కొండ ఎక్కుతాడు.

డైరెక్టర్ లాంచీలో దిగి, వలల షెడ్డులో సభ పెట్టాడు. ఆయన మంచి వక్త. వలల మీద కూర్చున్న ఊరిని చూసి చేతులు జోడించాడు.

“ఇది కమ్యూనిటీ బేస్డ్ ప్రోగ్రాం. అంటే ప్రభుత్వం మీమీద ఏదీ రుద్దదు. అంతా మీరే చేసుకుంటారు.”

“మరి మీరేం చేస్తారు సార్?” అని వెనకనుంచి ఒకావిడ అడిగింది.

“మేం మానిటర్ చేస్తాం.”

“అంటే?”

“మీరు చేశారో లేదో చూస్తాం.”

“చూస్తే వస్తుందా సార్ చదువు?”

డైరెక్టర్ ఆ ప్రశ్నను అభినందించి, సభ ముగించాడు. కమ్యూనిటీ తరఫున గుమాస్తాని కోఆర్డినేటర్‌గా నియమించి, మెడలో ఒక కార్డు వేసి, అదే లాంచీలో వెళ్ళిపోయాడు.

కోర్సు తొంభై రోజులు. పుస్తకాలు ఎనభై మూడో రోజున వచ్చాయి. అంతవరకూ గుమాస్తా సాయంత్రం కాగానే షెడ్డులో హాజరు వేసేవాడు. పిలిచినవాళ్ళు పలికేవారు, పలికినవాళ్ళు ఇంటికి పోయేవారు. హాజరు నూటికి తొంభై తొమ్మిది ఉందని డైరెక్టర్ రాజధానిలో ఒక సదస్సులో చెబితే, వేరే రాష్ట్రాల వాళ్ళు లేచి నిలబడ్డారట.

పుస్తకాల కట్టలు దిగాక ఏడు రోజులు మిగిలాయి. ఏడు రోజుల్లో మొత్తం పుస్తకం అయ్యేపని కాదు. గుమాస్తా వైర్‌లెస్‌లో సలహా అడిగాడు. “మొదటి పాఠం బాగా చెప్పు. క్వాలిటీ ముఖ్యం,” అని డైరెక్టర్ జవాబిచ్చాడు. మొదటి పాఠంలో అయిదు వాక్యాలున్నాయి.

సముద్రం ప్రశాంతంగా ఉంది. సూర్యుడు ఉదయించాడు. నాన్న పడవ ఎక్కాడు. అమ్మ చేయి ఊపింది. మేమంతా సంతోషంగా ఉన్నాం.

చేపల ఊరివాళ్ళకి జ్ఞాపకశక్తి గట్టిది. ఏ రాయి ఏ నీటి కింద ఉందో తాతల నాటినుంచి కాగితం లేకుండా గుర్తుపెట్టుకున్నవాళ్ళు. అయిదు వాక్యాలు వాళ్ళకో లెక్కా? రెండు రోజుల్లో ఊరంతటికీ నోటికొచ్చేశాయి. అక్షరాల మీద వేలు పెట్టి, వేలు కదుపుతూ ఆ అయిదు వాక్యాలు చెప్పాలి. చదవడమంటే అదేనని వాళ్ళకి చెప్పారు. వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్మారు.

ఆ తరవాత ఊళ్ళో అక్షరాలు ఎక్కడ కనిపించినా వదలలేదు. ఉప్పు బస్తా మీద వేలు పెట్టి, సముద్రం ప్రశాంతంగా ఉంది అన్నారు. లాంచీ పక్కన రాసిన అక్షరాలు తడిమి, సూర్యుడు ఉదయించాడు అన్నారు. ఒక ముసలమ్మ తన దగ్గు మందు సీసా చదువుకుని కళ్ళు తుడుచుకుంది.

“ఇన్నాళ్ళూ తెలీక తాగాను. ఎంత మంచి మాటలు రాశారే దీని మీద!”

రగ్గు తాత ఒక్కడే షెడ్డు మెట్టెక్కలేదు. చివరికి గుమాస్తా పుస్తకం పట్టుకుని కొండెక్కాడు.

“మావయ్యా, ఒక్క అయిదు వాక్యాలు. నా పరువు కాపాడు. రేపే పరీక్ష.”

“ఏంటవి?”

గుమాస్తా చెప్పాడు. తాత మొదటి వాక్యం దగ్గరే ఆపాడు.

“సముద్రం ఎలా ఉందని?”

“ప్రశాంతంగా ఉందని.”

“ఎప్పుడు?”

“ఎప్పుడూ కాదు మావయ్యా, పుస్తకంలో.”

“పుస్తకంలో సముద్రానికి ఎవరైనా పోతారా?”

“పోరు.”

“మరి నాకెందుకు? నేను రోజూ చూసి చెప్పేవాణ్ణి. చూడకుండా చెప్పించకు.”

“అనెయ్ మావయ్యా, ఏం పోయింది?”

“ఏం పోయిందో మీ అమ్మనడుగు. మీ అత్త ఎలా పోయిందో చెబుతుంది.”

గుమాస్తా పుస్తకం మూసుకుని కొండ దిగాడు.

పరీక్షలో రెండువందల పదమూడు మంది ఫస్ట్ క్లాసులో పాసయ్యారు. తాత కూతురిది ఊళ్ళో మొదటి స్థానం. ఆమె గొంతు ఖంగుమంటుంది, పైగా వేలు ఎక్కడా తడబడలేదు. ఫలితాలు చూసి డైరెక్టర్ మళ్ళీ దిగాడు. ఒక్కడు మిగిలాడు. ఆ ఒక్కడు ఉన్నంతకాలం నూరు శాతం అనడానికి లేదు. తొంభై తొమ్మిదిన్నర శాతానికి మంత్రులు రారు.

కొత్త అధికారి అయితే కంగారుపడేవాడు. డైరెక్టర్ టీ అడిగి తాగి, ఫారం తెప్పించుకుని తాతని పిలిపించాడు.

“తాతా, మీరు ఈ ఊళ్ళో ఎప్పట్నుంచి ఉంటున్నారు?”

“పుట్టినప్పట్నుంచి బాబూ. అరవై మూడేళ్ళు.”

“అంతకు ముందు ఎక్కడ ఉండేవారు?”

తాత ఆయన మొహం వైపు చూశాడు. “తెలీదు బాబూ.”

“మునుపటి చిరునామా తెలియదు,” అని డైరెక్టర్ ఫారంలో రాసుకున్నాడు. “అయితే మీరు ఇక్కడ స్థిరనివాసి అనడానికి ఆధారం లేదు. ఎప్పటికైనా వెళ్ళిపోయేవారే కదా?”

“ఎప్పటికైనా అందరం వెళ్ళేవాళ్ళమే.”

“ఆ మాట చాలు.” ఫారం మీద ఒక గడిలో టిక్కు పెట్టాడు. “ఈరోజు నుంచి మీరు ఈ ఊరికి అతిథి. అతిథులు లెక్కలోకి రారు. మీకు ఫంక్షన్‌లో ముందు వరసలో కుర్చీ ఉంటుంది.”

ఆ విధంగా ఊరు నూరు శాతం అయింది. ఎవరి మనసూ నొప్పించకుండా పని చేయించడంలో ఆయనకి పేరుంది.

అంతటితో ఆగితే తాత పట్టించుకునేవాడు కాదు. అరవై మూడేళ్ళుగా ఊరికి తను అతిథి అన్నట్టే ఉంది అతనికి కూడా. కాని డైరెక్టర్ వెళ్తూ వెళ్తూ తలెత్తి కొండవైపు చూశాడు.

“అదేంటి, ఆ ఎర్రది?”

గుమాస్తా చెప్పాడు. డైరెక్టర్‌కి నిజంగానే బాధ కలిగింది.

“నూరు శాతం అక్షరాస్యులున్న ఊరు గుడ్డపేలిక చూసి సముద్రంలోకి వెళ్ళడమా? మంత్రిగారు చూస్తే ఏమనుకుంటారు? అది నిరక్షరాస్యతకి జెండా! పీకించేయండి. రేవులో బోర్డు పెట్టించండి. వైర్‌లెస్‌లో వాతావరణం వస్తుంది కదా, మీరు బోర్డు మీద రాయండి, వాళ్ళు చదువుకుంటారు.”

“చదువు...కుంటారు సార్,” అన్నాడు గుమాస్తా.

“ఎనీ డౌట్?”

“లేదు సార్.”

రగ్గు ప్రభుత్వ ఆస్తిగా నమోదైంది. ఇద్దరు మనుషులు కొండెక్కి, తాత ముడి వేసిన తాడు విప్పలేక కోసి, రగ్గు కిందికి తెచ్చారు. తాత వాళ్ళ వెనకే దిగాడు. ఇంటి గుమ్మంలో కూతురు ఎదురొచ్చింది.

“నాన్నా, అరవకు. బోర్డు పెడుతున్నారుగా, ఇకనుంచి చదువుకుని వెళ్తాం.”

“నువ్వు?”

“ఊరికి ఫస్టు వచ్చాను నాన్నా నేను!”

ఆ పిల్ల మొహంలో అంత సంతోషం తాత చాలా ఏళ్ళుగా చూడలేదు. నోరు మూసుకున్నాడు. తరవాత దాన్ని తలుచుకుని తనని తాను కూడా క్షమించుకోలేదు.

ఇరవై ఎనిమిదో తేదీ బాగా తెల్లారింది. రేవులో ఎండ కాసింది. కొండ ఇవతల నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పది గంటలకి మంత్రిగారి లాంచీ జెట్టీ చివర ఆగింది.

అక్కడో ఇబ్బంది వచ్చింది. మంత్రిగారికి రెడ్ కార్పెట్ పరవాలి. కార్పెట్ వేరే లాంచీలో వస్తోంది, ఆ లాంచీ పొరపాటున వేరే రేవుకి వెళ్ళింది. డైరెక్టర్ ఒక్క క్షణం ఆలోచించి, వలల షెడ్డులో మూలకి పడేసిన రగ్గు తెప్పించి జెట్టీ చివర పరిపించాడు. ఎర్రగా, మందంగా, కొలిచినట్టు సరిపోయింది. మంత్రిగారు దాని మీద కాలు పెట్టి, “ఉన్నిది! ఈ ప్రాంతపు చేతిపనా?” అన్నారు. అవునన్నారు.

ముందు వరసలో “అతిథి” అని బ్యాడ్జీ పెట్టుకుని తాత కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఒక నోట్‌బుక్కు, పెన్ను పెట్టారు. మంత్రిగారు ముందు వరసలో అందరికీ చేయి కలుపుతూ వచ్చారు. మెత్తటి చేయి. బతుకంతా తాళ్ళు లాగినవాడు ఎదుటివాడి మొహం కంటే ముందు చేతులు చూస్తాడు. మంత్రిగారి కుడి బొటనవేలు నీలంగా ఉంది. తాత వెనకనున్న గుమాస్తాని అదేంటని అడిగాడు.

“ఫైళ్ళు మావయ్యా. పగలంతా ఫైళ్ళే. ఇంకు అంటుకోకుండా ఎలా ఉంటుంది?” అన్నాడు గుమాస్తా భక్తిగా.

మొదటి కార్యక్రమం, వేలిముద్రలకి వీడ్కోలు. రేవులో ఉన్న ఇంకు డబ్బాలు, పరగణా మొత్తం నుంచి సేకరించినవి, ఒక పళ్ళెంలో పెట్టి తెచ్చారు. మంత్రిగారు ఒక్కొక్కటే తీసి సముద్రంలోకి విసిరారు. ఇరవై ఒక్క డబ్బాలు. నీళ్ళు కాసేపు నీలంగా మారి, మళ్ళీ మామూలయ్యాయి. “నేటినుంచి ఈ తీరంలో వేలు చాచి బతికేవాడు లేడు!” అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి.

రెండోది, సందర్శకుల పుస్తకం. పీఏ పెన్ను అందించాడు. మంత్రిగారు పెన్ను వైపు చూసి, గుండె మీద చేయి వేసుకున్నారు. “ఇప్పుడు నా మనసులో ఉన్నది అక్షరాల్లో పట్టదు. డైరెక్టర్ రాస్తారు,” అన్నారు. డైరెక్టర్ పేజీన్నర రాశాడు.

మూడోది బోర్డు. దాని మీద తెర కప్పి ఉంది. మంత్రిగారు తాడు లాగారు. నల్ల బోర్డు మీద తెల్లటి గుండ్రటి అక్షరాలు బయటపడ్డాయి. గుమాస్తా చేతిరాత ముద్దుగా ఉంటుంది.

“ఎవరమ్మా చదువుతారు?”

తాత కూతురు ముందుకొచ్చింది. ఉతికిన కోటు వేసుకుంది. వేలు మొదటి అక్షరం మీద పెట్టి, ఊరంతా వినిపించేలా చదివింది.

“సముద్రం ప్రశాంతంగా ఉంది. సూర్యుడు ఉదయించాడు. నాన్న పడవ ఎక్కాడు. అమ్మ చేయి ఊపింది. మేమంతా సంతోషంగా ఉన్నాం.”

మంత్రిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. బోర్డు దగ్గరికి వెళ్ళి, ప్రతి వరసా తన వేలితో తడుముతూ పైనుంచి కిందికి మొత్తం పరిశీలించారు.

“ఒక్క తప్పు లేదు,” అన్నారు.

డైరెక్టర్ బోర్డు వైపు చూశాడు. తరవాత మంత్రిగారి వైపు చూశాడు. తరవాత చాలా గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆయన పక్కనున్న అధికారులు ఏడుగురూ కొట్టారు. వాళ్ళందరూ డిగ్రీలు చదివినవాళ్ళే.

చప్పట్లు కొట్టనివాడు గుమాస్తా ఒక్కడు. తాత వెనక్కి తిరిగి అతని మొహం చూశాడు. తెల్లబోయి ఉంది.

“ఏరా, ఏం రాశావు దాని మీద?”

“మావయ్యా, నన్ను అడగొద్దు.”

“ఏం రాశావంటున్నాను!”

గుమాస్తా పెదవులు కదలకుండా చెప్పాడు. “ఉత్తరం గాలి. తీవ్రం. పదకొండున్నరకల్లా. పడవలేవీ కదలొద్దని. తొమ్మిదింటికి వైర్‌లెస్‌లో వచ్చింది.”

“మరి నోటితో చెప్పలేదేం?”

“రాశాను కదా మావయ్యా,” అన్నాడు గుమాస్తా ఏడుపు గొంతుతో. “అందరికీ చదవడం వచ్చు కదా!”

అప్పటికే నాలుగో కార్యక్రమం మొదలైంది. మంత్రిగారి లాంచీని పన్నెండు పడవలు ఊరేగింపుగా కొండ దాటేదాకా సాగనంపాలి. ఫొటోగ్రాఫర్లు లాంచీలో ఎక్కేశారు. ఊరు ఊరంతా అయిదు వాక్యాలూ ముక్తకంఠంతో చదువుతూ పడవల వైపు నడుస్తోంది. తాత కూతురు పడవ ఎక్కే ముందు అలవాటుగా తలెత్తి కొండవైపు చూసింది. స్తంభం బోసిగా ఉంది. ఒక్క క్షణం ఆగింది. తరవాత బోర్డు వైపు చూసి, నవ్వుకుని, తాడు విప్పింది.

తాత లేచాడు. “ఆగండి! గాలొస్తోంది, ఆపండి!” అని అరిచాడు.

“అతిథిగారు కూడా ఉద్వేగానికి లోనయ్యారు,” అని డైరెక్టర్ మైకులో అన్నాడు. రెండువందల పదమూడు గొంతులు సముద్రం ప్రశాంతంగా ఉంది అంటుంటే ఒక ముసలి గొంతు ఎవరికి వినిపిస్తుంది? తాత జెట్టీ మీదికి పరుగెత్తాడు. అతనికి పరుగెత్తి చాలా ఏళ్ళయింది.

జెట్టీ చివర మాత్రం కొండ చాటు లేదు. అక్కడ రగ్గు అంచు లేచింది.

అది మొదట చూసింది డైరెక్టరే. మంత్రిగారు అడుగుపెట్టే వేళకి కార్పెట్ మడతపడితే ఎంత అప్రతిష్ట! ఒక మూల మీద తను నిలబడ్డాడు. ఇంకో మూల లేచింది. దాని మీద ఒక డిప్యూటీని నిలబెట్టాడు. మూడో మూల లేచింది. ఇలా లాభం లేదని, మిగిలిపోయిన పుస్తకాల కట్టలు నాలుగు తెప్పించి నాలుగు మూలలా పెట్టించాడు. ఒక్కో కట్టలో వంద పుస్తకాలు. రగ్గు కదలకుండా పడుకుంది. ఆ పుస్తకాలు తీరానికి వచ్చాక ఉపయోగపడటం అదే మొదటిసారి.

మంత్రిగారు రగ్గు మీదుగా నడిచి, ఒక కాలు లాంచీలో పెట్టారు. రెండో కాలు ఇంకా రగ్గు మీదే ఉంది. కూతురి పడవ ఒడ్డు వదిలింది. దాని వెనక మిగతావి కదిలాయి.

తాత వచ్చినవాడు వచ్చినట్టే మొదటి కట్టని కాలితో తన్నాడు. నీళ్ళలో పడింది.

“ఏయ్! అది ప్రభుత్వ పాఠ్యపుస్తకం!” అని డైరెక్టర్ అరిచాడు.

రెండోది తన్నాడు. మూడోది. నాలుగో కట్ట మీద డిప్యూటీ కూర్చున్నాడు. తాత డిప్యూటీని కూడా తోశాడు. మంత్రిగారి రెండో కాలు కింద నుంచి రగ్గు ఒక్క గుంజు గుంజి లాగి, రెండు మూలలూ పట్టుకుని తలమీదికెత్తాడు.

రగ్గు ఒక్కసారి బుస్సుమని లేచి, అడ్డంగా నిలబడింది.

రేవులో చదువు మధ్యలో ఆగిపోయింది. నాన్న పడవ, అన్నదాకా వచ్చి ఆగింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పన్నెండు పడవలు ఉన్నచోటనే ఒడ్డువైపు తిరిగాయి. కూతురి పడవ అప్పటికే కొండ మొన దగ్గరికి పోయింది. అదే ఆఖరున ఒడ్డు తాకింది. అక్షరాస్యులందరూ నడుములోతు నీళ్ళలోకి దూకి పడవల్ని ఇసుక మీదికి లాగడం మొదలుపెట్టారు. లాంచీ డ్రైవరు ఇంజను ఆపి, విప్పిన తాడు మళ్ళీ కట్టేశాడు. మంత్రిగారు ఒక కాలు లాంచీలో, ఒక కాలు జెట్టీ మీద పెట్టుకుని, “ఏమైంది? ఏమైంది?” అని అడుగుతూనే ఉన్నారు.

పదకొండున్నరకి చెప్పిన వేళకి చెప్పినట్టు గాలి వచ్చింది. అన్నిటికంటే ముందు కొట్టుకుపోయింది బోర్డు.

మూడు రోజులు గాలి ఆగలేదు. మంత్రిగారు, పీఏ, డైరెక్టర్, అధికారులు ఏడుగురూ ఐసు ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో ఉండిపోయారు. ప్రజల కోరిక మేరకు మంత్రిగారు తన పర్యటన పొడిగించారని డైరెక్టర్ రాజధానికి వైర్‌లెస్ పంపాడు. నిరక్షరాస్యత అనుకున్న వేళకే అంతరించిందని కూడా పంపాడు. రెండూ పత్రికల్లో వచ్చాయి.

నాలుగో రోజు ఉదయం తాత ఆ గదిలోకి వచ్చాడు. కూతురు వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆ మూడు రోజుల్లో ఆమె ఒక్క అక్షరం మీద కూడా వేలు పెట్టలేదు.

“నా రగ్గు ఇప్పించండి బాబూ. స్తంభానికి కట్టాలి.”

జెట్టీ మీద తాత దగ్గర మళ్ళీ లాక్కున్న రగ్గు ఆఫీసు అల్మరాలో ఉంది. గాలి తగ్గుతున్న వేళ రెండు మూడు పడవలు కదలడానికి తొందరపడుతున్నాయి. అది డైరెక్టర్‌కి అర్థమైంది. లాంచీ కూడా కదలాలి. లాంచీ డ్రైవరు రగ్గు చూడనిదే కదలనంటున్నాడు.

“ఇస్తాం. అభ్యంతరం లేదు. కాని అది ప్రభుత్వ ఆస్తిగా నమోదైంది. మీరేమో అతిథి. ప్రభుత్వ ఆస్తి అతిథికి ఇస్తే రసీదు ఉండాలి. ఇక్కడ సంతకం చేయండి.”

“సంతకం రాదు బాబూ. వేలిముద్ర వేస్తాను.”

గదిలో అధికారులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

“వేలిముద్ర కుదరదు. ఇంకు డబ్బాలు లేవు కదా. మంత్రిగారే స్వయంగా సముద్రంలో కలిపారు. పరగణా మొత్తంలో ఒక్కటి లేదు.”

“పెన్నులో ఇంకు వేలికి రాసుకోవచ్చేమో సార్,” అన్నాడు గుమాస్తా.

“రూలు ఒప్పుకోదు. ప్యాడ్ ఇంకే వాడాలి.”

“అయితే నాన్నకి సంతకం నేను నేర్పుతాను,” అంది కూతురు తలుపు దగ్గర నుంచి. వెంటనే తల దించుకుంది.

డైరెక్టర్ ఆలోచించాడు. అంత తెలివైన మనిషికీ దారి దొరకలేదు. కిటికీ అద్దాలు గడగడలాడుతున్నాయి. బయట ఎవరో పడవ తోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. కూతురు కిటికీలోంచి చూసి, “నాన్నా, వాళ్ళు పోతున్నారు,” అంది.

మంత్రిగారు మూడు రోజులుగా ఒకే కుర్చీలో ఉన్నారు. గడ్డం పెరిగింది. ఇంటికి వెళ్ళాలని ఉంది. విసుగ్గా పీఏ వైపు తిరిగారు.

“ఏంటయ్యా ఈ గొడవ! ఇయ్యి ఆయనకి.”

పీఏ విధేయుడు. మంత్రిగారు ఇయ్యి అంటే ఆలోచించకుండా ఇచ్చే అలవాటు పదేళ్ళుగా ఉంది. ఫైళ్ళ సంచీ జిప్పు తీసి, లోపలి అరలోంచి ఒక ఇంకు డబ్బా తీసి బల్ల మీద పెట్టి, మూత తెరిచాడు. పెట్టాక చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

మంత్రిగారు కిటికీలోంచి సముద్రం వైపు చూస్తున్నారు. డైరెక్టర్ సీలింగులో ఏదో లెక్కపెట్టుకున్నాడు. గుమాస్తా మెడలో కార్డు తిరగేసి వెనకవైపు చూసుకున్నాడు.

డబ్బా కొత్తది కాదు. అంచుల మీద మెత్త ఇంకా బొద్దుగానే ఉంది, నడుమ మాత్రం నొక్కీ నొక్కీ లోతుగా గుంట పడింది.

తాత బొటనవేలు పెద్దదే. యాభై ఏళ్ళు తాళ్ళు లాగి బండబారిన వేలు. దాన్ని ఆ గుంటలో పెట్టాడు. ఇంకా చోటు మిగిలింది.